వేలెడు తోక వదిలిన ముడి

దయ్యాల మాట ఎవరైనా నా ముందు ఎత్తితే, పనీపాటా లేదా అని కసిరేదాన్ని. ఇప్పుడూ కసురుతాను. పొద్దస్తమానం పని ఉన్నవాళ్లకు దయ్యాలు కనిపించవని నా నమ్మకం. అయినా మా మనవరాలి చదువు రోజుల్లో జరిగిన ఒక సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నేను చదివింది వీధిబడిలో కొంచెమే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది వేలూరు దగ్గర గుడియాత్తం. లుంగీలు నేసే కుటుంబం. మా ఆయన గుంట మగ్గంలో కూర్చుంటే అన్నం సంగతి కూడా మరిచేవాడు. మంచి మనిషే గానీ ఒక దుబారా ఉండేది. పడుగులో పోగు తెగితే ఎవరైనా ముడి వేసి కొసలు దగ్గరగా తుంచేస్తారు. ఆయన కుడి బొటనవేలు చిన్నప్పుడే నలిగి వంకరపోయింది. అందుకని ఎడమచేత్తో, తిరగేసి ముడి వేసేవాడు. వేలెడు తోక వదిలేవాడు. వాటిని కత్తిరించడం నా పని.

"ఇట్లా వదిలేసిన దారమంతా కలిపితే ఒక చేతిరుమాలు అయ్యుండేది గదయ్యా" అని కాపురమంతా సాధించాను.

"పోనీలేమ్మే. ఎవురు యేసిన ముడో తెలియాల గదా" అని నవ్వేవాడు.

మనవరాలు దేవకి వేలూరు కాలేజీలో బయాలజీ డిగ్రీలో చేరింది. దాని తండ్రికి, అంటే మా అబ్బాయికి ఇష్టం లేదు. "చెప్పుల కంపెనీకి పోతే నెలనెలా జీతం వస్తాది. ఆకులు ఏరేదానికి కాలేజీ ఎందుకంట?" అన్నాడు.

"చదవనీరా. ఆకులు ఏరేదానికి నేను తోడు పోతా" అని మా ఆయనే అడ్డం పడ్డాడు.

అన్నట్టే పోయేవాడు. ఆదివారం పొద్దున తాతా మనవరాలూ ఏటి గట్టున తిరిగి తుమ్మి, ఉత్తరేణి, నేల ఉసిరి తెచ్చేవాళ్లు. పాత పేపర్ల మధ్య పరిచి, ఆయన మగ్గంలో కూర్చునే పలకను పైన బరువు పెట్టేవాళ్లు. పాత సామాన్లవాడికి వేయాల్సిన పేపర్లన్నీ పాడు చేస్తున్నారని నేను అరిచేదాన్ని.

"ఇది హెర్బేరియం అవ్వా!"

"ఎండుగడ్డికి అంత పేరా?"

తాత అట్లా నవ్వుతూ ఉండేవాడు. ఇప్పటికీ ఎండాకు వాసన తగిలితే నాకు ఆ ఆదివారాలే గుర్తొస్తాయి.

దాని చదువు సగంలో ఉండగా ఆయన పోయాడు. మగ్గం అమ్మేశాం. గుంట మీద పలకలు పరిస్తే అదే దేవకి చదువుకునే గది అయింది.

చివరి సంవత్సరం, ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడింది. ఆ ఎండు మొక్కలన్నీ అట్టల మీద అంటించి చూపించాలి. మా ఇళ్లలో దేనికైనా గంజే కదా, దేవకి చిక్కటి గంజితో అంటించింది. బూజు పట్టింది, పురుగు చేరింది. కాలేజీలో మేడమ్ చూసి, దారంతో కుట్టి ఎల్లుండికల్లా తెస్తేనే పరీక్షకు రమ్మందట.

"పరీక్ష తప్పితే కాలేజీ చాలు. కంపెనీకి పో" అన్నాడు మా అబ్బాయి.

పిల్ల ఏడ్చుకుంటూ మొక్కల్ని తడిగుడ్డతో ఊడదీసి, ఆరబెట్టి, కొత్త అట్టల మీద పరిచింది. సూది పట్టేలోగా ఒళ్లు కాలిపోయే జ్వరం. మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బయలుదేరే ముందు ఆకులు ఎగురుతాయని ఫ్యాను ఆపింది నేనే. ఒక్క ఆకుకూ కుట్టు లేదు, నా కళ్లతో చూశాను. తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. మా అబ్బాయి ఆర్కాడులో పనికి పోయాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు.

దీపం పెట్టకముందే తిరిగొచ్చాం. అన్ని మొక్కలూ అట్టలకు కుట్టి ఉన్నాయి.

"నువ్వెప్పుడు కుట్టినావవ్వా?" అంది దేవకి. నాకు చూపు ఆనదు, సూదిలో దారం ఎక్కించాలన్నా దేవకే ఎక్కించాలి.

ఒక అట్ట తిప్పి చూశాను. మిగిలిపోయిన లుంగీ నూలు, ఎర్రది. ముడి ఎడమ వైపు తిరిగి ఉంది. వేలెడు తోక.

మిగతా అట్టలూ ఒక్కొక్కటే తిప్పి చూశాను, అన్నిటికీ అదే ముడి.

పొద్దున్నే దేవకికి జ్వరం తగ్గింది. బస్సుకు పోయే ముందు కత్తెర తీసుకుంది. "తోకలు కత్తిరిస్తానవ్వా, మేడమ్ తిడతాది."

"తిట్టనీ. ఉండనీ వాటిని" అన్నాను. కత్తెర చేతిలోంచి లాక్కున్నాను.

మేడమ్ తిట్టలేదు. కుట్టు గట్టిగా ఉందందట. పరీక్ష గట్టెక్కింది. దేవకి ఇప్పుడు వేలూరులోనే ల్యాబులో పని చేస్తోంది. ఆ అట్టలు మాత్రం మగ్గం గదిలోనే, ఆయన పలక కిందే ఉన్నాయి.

ఎవరు కుట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనే అని నేను అనను. వాళ్లనూ వీళ్లనూ అడిగి చూశాను, ఎవరికీ తెలియదన్నారు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ అట్టల వెనక వదిలేసిన దారమంతా కలిపితే ఒక చేతిరుమాలు అయ్యుండేది.