మా ఫోర్‌మన్ పదహారో తరం

మా ఫోర్‌మన్ చనిపోయారన్న వార్త బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ తెలిసింది. కువైట్‌లోని షుఐబాలో మా స్టోర్ కంటైనర్ నీడన కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. మా గదిలోనే ఉండే పుల్లంపేట వెల్డరు ఫోన్ పట్టుకుని వచ్చి, "అన్నా, మన పెద్దాయన పోయినాడంట. నిద్దట్లోనే పోయినాడంట" అన్నాడు. ఆయన ఇక్కడి పని ముగించుకుని, ఇక్కడుండటానికిచ్చే ఇఖామా కార్డు అప్పజెప్పి సొంత ఊరికి వెళ్ళి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇక అడగడానికి మనిషి లేడే అనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకునే అర్హత నాకు లేదు.

ఆయనది ఇండోనేషియా. సుమత్రా దీవిలో కొండల మధ్య ఒక పెద్ద సరస్సు ఉందట, దాని చుట్టూ ఉండే బతక్ జాతి ఆయనది. కువైట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పరంజా కట్టే పని. ఆయన కింద పనిచేసిందంతా కడప జిల్లా వాళ్ళం కాబట్టి ఆయనకు తెలుగు వచ్చేసింది, అదీ మా తెలుగే. కొత్తగా వచ్చిన మలయాళీ ఇంజనీరుతో కూడా అలవాటులో "ఏమప్పా" అనేవారు. శుక్రవారం చర్చికి వెళ్ళొచ్చి, అబ్బాసియాలో మా గదికి వచ్చి, సంగటి ముద్దలో చెనిక్కాయల ఊరిమిండి నంజుకుని తినేవారు. మాకంటే కారం ఎక్కువ ఆయనకే కావాలి.

సాయంత్రం కంపెనీ బస్సు ఎక్కగానే తలలు లెక్కపెట్టడం ఆయన పద్ధతి. ఒక్కొక్కరి భుజం తట్టుకుంటూ వెనకదాకా వెళ్ళి వచ్చేవారు. ఇరవై ఎనిమిది రావాలి. రాకపోతే డ్రైవరు ఎంత "యల్లా, యల్లా" అని గొణిగినా బండి కదలనిచ్చేవారు కాదు. ఒక ఎండాకాలం లెక్క ఇరవై ఏడే వచ్చింది. ఎవడో క్యాంపు బండిలో పోయుంటాడులే అని అందరూ అన్నారట. ఆయన దిగి, ఆ వడగాలిలో తిరిగి ప్లాంటు లోపలికి నడిచి, కంటైనర్ వెనక స్పృహ తప్పి పడున్న మనిషిని భుజాన వేసుకుని వచ్చారు. ఆ మనిషిని నేనే.

ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఆయన నాకు ఒక వరస పెట్టారు. "ఊరికే స్నేహితుడంటే మా వాళ్ళకు అర్థం కాదబ్బీ. ఎవురికి ఏమైతావో చెప్పాల. నువ్వు నా పెండ్లాం తమ్ముడివి. ఖలాస్" అన్నారు. మేనమామ కూతుర్ని చేసుకోవడం వాళ్ళలోనూ ఉందట. మాలోనూ ఉందంటే ఆయన తొడ చరిచి నవ్వారు. వాళ్ళలో మేనమామ ఇంటి పెద్దతో సమానం. చావులోనూ పెళ్ళిలోనూ అతని మాటకు ఎదురుండదు. అలా నేను చూడని ఊరిలో, నేను చూడని ఇద్దరు కొడుకులకు మేనమామనయ్యాను. నాకది అప్పట్లో సరదాగా ఉండేది.

వాళ్ళందరూ రాజుల బిడ్డలేనట. "మేము రాజు కొడుకులం, మా ఆడోళ్ళు రాజు కూతుర్లు" అని, హెల్మెట్‌లోంచి చెమట పిండుకుంటూ చెప్పేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు గానీ మాట వెనక్కి తీసుకునేవారు కాదు. ఆ కథ నాకింకా గుర్తుంది. అంతా నీళ్ళే ఉన్న కాలంలో, ఆకాశంలో ఒక దేవత కూతురికి బల్లి రూపంలో ఉన్న పెళ్ళికొడుకును కుదిర్చారట. "ఆ పిల్లకు ఇష్టంలేదు. నూలు దారం పట్టుకుని కిందికి దిగేసింది. పైనుంచి పిడికెడు మట్టి తెప్పించుకుని నీళ్ళ మింద పరిచింది. అదే మన నేల." ఆమె సంతానంలో ఒకడు సరస్సు పక్క కొండ మీద ఇల్లు కట్టాడు. అతను మొదటి రాజు. అతని పిల్లలు, వాళ్ళ పిల్లలు లోయకొక వంశంగా విడిపోయారు. "చర్చికి పోతావు కదన్నా, ఇదంతా నమ్ముతావా?" అని అడిగితే, "చర్చి వేరే, తాత వేరే" అన్నారు.

వాళ్ళ వంశం మొదలుపెట్టిన తాత నుంచి లెక్కిస్తే మా ఫోర్‌మన్ పదహారో మనిషి. ఆ అంకె మీదే అంతా నడుస్తుంది. ఒకసారి మా సైటుకు ముప్పై ఏళ్ళ క్రేన్ ఆపరేటర్ వచ్చాడు, ఆ సరస్సు వైపువాడే. ఇద్దరూ ఒకరినొకరు వంశం అడిగారు, తరం అడిగారు. అతనిదీ అదే వంశం, పద్నాలుగో తరం. మరుక్షణం యాభై ఎనిమిదేళ్ళ మా ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచి, అతన్ని తాతా అని పిలిచి కూర్చోబెట్టారు. మేం పడీపడీ నవ్వుతుంటే, "నవ్వొద్దప్పా. ఒక్క అంకె తప్పితే తాతను పట్టుకుని తమ్ముడా అంటాం. పెద్ద తప్పు కదా" అన్నారు.

చిక్కేమిటంటే వాళ్ళ కొమ్మ వంశపు పుస్తకంలో లేదు. ఎప్పుడో ఒక తాత అన్నదమ్ములతో నీళ్ళ దగ్గర గొడవపడి, సరస్సు వదిలి, కొండలు దాటి తూర్పు తీరానికి నడిచాడట. ఆ నడక కొన్ని తరాలు సాగింది, ఆయన ఊరు ఆ తీరంలోనే. పుస్తకం రాసిన పెద్దలకు వాళ్ళ సంగతి తెలియదు. ఆ పేర్లన్నీ తెలిసిన మనిషి ఈయనొక్కరే, తాత ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నారు. కొడుకులను వినమంటే "తర్వాత నాన్నా" అంటారట. కుడిచేతి వేళ్ళు ఎప్పుడో పైపు కింద నలిగిపోయి సంతకం తప్ప రాయలేరు. పైగా ఆ పేర్లు ఆయనకు పాటలా మొదలుపెడితేనే వస్తాయి, మధ్యలో ఆగితే తెగిపోతాయి. "నువ్వు స్టోరులో రాసేవాడివి. రాసిపెట్టు అబ్బీ. ఇంటికి పోయినాక పెద్దల ముందర పెట్టి పుస్తకంలో ఎక్కిస్తా" అన్నారు. ఫోన్లో రికార్డు చేద్దామంటే వద్దన్నారు. ఆయనకు కాగితం మీదే నమ్మకం.

బస్సులో పక్కన కూర్చుని, రోజుకు కొన్ని పేర్లు చెప్పేవారు. ప్రతి పేరుకు ముందు తాత అని అర్థం వచ్చే 'ఓంపు' అనే మాట, తర్వాత ఆ మనిషి కథ ఒక ముక్క. పలికింది పలికినట్టు దక్కుతుందని తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. మొదటి వారం ఎంతో శ్రద్ధగా రాశాను. రెండో వారానికి విసుగొచ్చింది. ఒక సాయంత్రం ఎడమచేతిలో ఫోన్, అందులో క్రికెట్. మ్యాచ్ ఆఖరి ఓవర్లలో ఉంది. ఆయన చెబుతున్నారు. నేను ఊఁ కొడుతూ, రాస్తున్నట్టు పెన్ను కదిపాను. నోట్‌బుక్ మీద పెన్ను ఆనలేదు కూడా.

ఆ రోజు చెప్పినవి దారిలో పుట్టి దారిలోనే పోయినవాళ్ళ పేర్లు. అటు సరస్సూ చూడలేదు, ఇటు సముద్రమూ చూడలేదు. "వీళ్ళు మనలాంటోళ్ళు అబ్బీ" అన్నారు. ఆ ఒక్క మాటా నా చెవిన పడింది. పేర్లు పడలేదు. "రాసినావా?" అని అడిగారు. "రాసినా అన్నా" అన్నాను.

ఆయన ప్రయాణానికి ఇరవై రోజుల ముందు ఇంగ్లీషు అక్షరాల్లో మంచి ప్రతి రాయడానికి కూర్చుంటే లెక్క ఆయనతో కలిపి పద్నాలుగే వచ్చింది. అప్పుడైనా వెళ్ళి, "అన్నా, ఇద్దరు తప్పిపోయినారు, మళ్ళీ చెప్పు" అంటే సరిపోయేది. ఆయన తిట్టేవారు కూడా కాదు, మొదటినుంచి అందుకునేవారు. నాకు సిగ్గేసింది. ఇంకా రోజులున్నాయి కదా అనుకున్నాను. చివరికి నేను చేసింది ఇది. ఎవరూ లెక్కపెట్టకూడదని, వరస అంకెలు వేయకుండా, పేర్లు మాత్రం రెండు వరసల్లో అందంగా రాసిచ్చాను. అసలే ఆయన కళ్ళకు శుక్లాలు. కాగితాన్ని కంటి దగ్గరగా పట్టుకుని, "నువ్వు రాసినావు కదా, ఖలాస్" అని పాస్‌పోర్టు సంచిలో పెట్టుకున్నారు. నన్ను లెక్కలో వదలకుండా ఎండలో వెనక్కి నడిచిన మనిషి తాతలను నేను క్రికెట్ కోసం వదిలేశాను.

గురువారం పెద్దకొడుకు ఫోన్ చేశాడు. అతను నన్ను 'తులాంగ్' అంటాడు, మేనమామ అని. సరస్సు దగ్గరి పెద్దలు అంత్యక్రియలకు పుస్తకంతో సహా వచ్చారట. "తులాంగ్, నాన్న ఎప్పుడూ పదహారు అనేవారు. కాగితంలో పద్నాలుగే ఉన్నాయి. పెద్దాయన వయసు మీదపడి మరచిపోయారేమో, పద్నాలుగే నిజమేమో అంటున్నారు. అదే నిజమైతే సమాధి మీదా పుస్తకంలోనూ అదే వేస్తారు. నాన్న చెప్పినవన్నీ ఇందులో ఉన్నాయా? మేనమామ చెబితే చాలంటున్నారు" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు.

"ఉన్నాయి" అన్నాను. మళ్ళీ అదే అబద్ధం, అదే తీరుగా నోట్లోంచి వచ్చేసింది. అతను థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఆ సాయంత్రం బస్సులో కూర్చోలేకపోయాను. ఆయన మరచిపోయారని అక్కడందరూ అనుకుంటారు. తాత ఒళ్ళో నేర్చుకున్నది యాభై ఏళ్ళు చెక్కుచెదరకుండా మోసిన మనిషికి మతిమరుపు అంటగట్టాను. అబ్బాసియాలో దిగి, టైలర్ షాపు ముందు నిలబడే ఫోన్ చేశాను. "మీ నాన్న మరచిపోలేదు. పదహారూ చెప్పారు. ఇద్దరి పేర్లు నేను రాయలేదు" అన్నాను. "వినబడలేదా?" అని అడిగాడు పాపం, నాకొక దారి చూపిస్తూ. "వినలేదు. ఫోన్ చూసుకుంటున్నా. రాసినానని అబద్ధం చెప్పినా" అన్నాను. లైన్ పోయింది. అతనే కట్ చేశాడు.

శుక్రవారం పొద్దున అతనే వీడియో కాల్ చేశాడు. నన్ను ఏమీ అనలేదు. "పెద్దలకు చెప్పాను. పదహారు అనే వేస్తున్నారు. పుస్తకంలో ఎక్కించేదీ లేనిదీ తర్వాత చూస్తామన్నారు. మీరు మేనమామ, ఉండాలి" అని ఫోన్ ఎక్కడో నిలబెట్టాడు. రేకుల పందిరి కింద శవపెట్టె, దాని పక్కన తల మీద నేసిన బట్ట కప్పుకుని ఆయన భార్య. నా వరసకు అక్క. ఒక ముసలాయన నా కాగితం పట్టుకుని పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఓంపు అన్నప్పుడల్లా జనం సన్నగా బదులు పలుకుతున్నారు. సరస్సు వదిలిన తాత పేరు దాటగానే ముసలాయన ఆగాడు. "ఓంపు" అని మాత్రం అన్నాడు, పేరు లేదు. జనం తలలు వంచి నిలబడ్డారు. కాసేపటికి మళ్ళీ "ఓంపు" అన్నాడు, మళ్ళీ పేరు లేదు. ఆ రెండుసార్లూ ఎవరూ బదులు పలకలేదు, రేకుల మీద వాన పడుతున్న చప్పుడే వినిపించింది.