గుమ్మం దగ్గర తడిచీర

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు మొదట్నుంచీ జాలే. నేను కేంద్ర ప్రభుత్వంలో ఆడిట్ ఉద్యోగిని. వోచరు లేని ఖర్చునీ, కంటికి కనపడని మనిషినీ ఒప్పుకోకపోవడమే నా పని. మా ఘాజియాబాద్ సొసైటీలో ఒక లిఫ్టు దానంతటదే పైకి పోతోందని ఆంటీలంతా వణికిపోతుంటే, మెయింటెనెన్స్ వాళ్ళని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టినదాన్ని. అందుకని ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే.

ముందు మా బామ్మ గురించి చెప్పాలి. నాన్నగారి తల్లి. ఆవిడకి దేవుడి కంటే మడి ఎక్కువ. పొద్దున్నే స్నానం చేసి, తడిచీర చుట్టుకుని, వంటా పూజా అయ్యేదాకా ఎవరినీ ముట్టుకునేది కాదు, ముట్టుకోనిచ్చేది కాదు. చేతిలో ఎప్పుడూ దండెం మీది బట్టలు అందుకునే కర్ర ఉండేది. మేం దగ్గరికి వెళ్తే ఆ కర్ర చాపి, "దూరం! దూరం!" అనేది. పొరపాటున తగిలామా, గొణుక్కుంటూ మళ్ళీ స్నానానికి పోయేది. స్నానం కాగానే చెంబు బోర్లించి మరీ బయటికొచ్చేది. నాన్నగారి ఉద్యోగం ఢిల్లీలో కావడంతో కొన్ని చలికాలాలు మా గవర్నమెంటు క్వార్టర్‌లో గడిపింది. జనవరి చలిలో తడిచీరతో గజగజ వణుకుతూ "దూరం" అంటున్న ముసలావిణ్ణి చూసి పక్కింటి పంజాబీ ఆంటీ కళ్ళు తేలేసేది.

మడిలో సైన్సు ఉందని ఎవరైనా వాట్సాప్‌లో పంపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ దూరం పెట్టింది క్రిముల్ని కాదు, మనుషుల్ని. అందులో మొదటి మనిషి మా అమ్మ. అమ్మకి టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు కూడా బామ్మ గుమ్మం దగ్గరే నిలబడి, జావగిన్నె నేలమీద పెట్టి కర్రతో లోపలికి నెట్టేది. "ఒక్కసారి నుదుటి మీద చెయ్యేసి చూడలేదే" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. బామ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఈ మాట మాత్రం పోలేదు.

నిరుడు, మా ఇంట్లోనే ఉంటున్న అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఎముక చక్కగా అతుక్కునేలాగే ఉంది కానీ కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం మొదలైంది. ఒక యాంటీబయాటిక్ ఎక్కించారు. తర్వాత ఇంకొకటి, దాని తర్వాత మరీ ఖరీదైనది. జ్వరం దేనికీ చలించలేదు. చివరికి చీము పరీక్షకి పంపితే, వచ్చిన రిపోర్టులో ఏ మందు పేరు పక్కన చూసినా 'ఆర్' అనే అక్షరమే. ఆ మందుకి ఆ క్రిమి లొంగదని అర్థమట.

సర్జన్ గారు నన్ను కూర్చోబెట్టి వివరించారు. ఇలాంటి మొండి క్రిములు ఆసుపత్రుల్లోనే బలుస్తాయట, చేతుల మీదుగా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్తాయట. అమ్మకి యాంటీబయాటిక్స్ వాడే అలవాటు ఉందా అని అడిగారు. జలుబు చేసినా కెమిస్టు భయ్యా దగ్గర ఓ స్ట్రిప్పు కొనుక్కుని, రెండు మాత్రలు వేసుకుని, తగ్గగానే మిగతావి పక్కింటావిడకి ప్రసాదంలా పంచే మనిషి మా అమ్మ. ఆ మాట చెప్పగానే ఆయన తల పట్టుకున్నారు. ఇక మిగిలింది ఒకే ఒక్క మందు అన్నారు. అది కిడ్నీలని దెబ్బతీయొచ్చు, అదీ పనిచేయకపోతే... అని వాక్యం మధ్యలో ఆపేశారు.

అమ్మని విడిగా ఒక గదిలోకి మార్చారు. లోపలికొచ్చే ప్రతివాళ్ళూ చేతులు కడుక్కోవాలి, పైన గౌను వేసుకోవాలి, గ్లౌజులు తొడుక్కోవాలి, వెళ్ళేటప్పుడు అవన్నీ తీసేసి మళ్ళీ కడుక్కోవాలి. అమ్మ ఇదంతా చూసి, "ఇదేం ఖర్మే! మీ బామ్మ పీడ విరగడైందనుకుంటే ఇక్కడ ఊరంతా మడి కట్టుకుంటోందే" అంది. ఎంత జ్వరంలోనైనా అమ్మ నోరు అమ్మదే.

నిజానికి ఆ మడి పాటించింది నేనూ, ఒక కేరళ సిస్టరూ మాత్రమే. క్రిములు చేతుల మీదుగా పోతాయని నాకు అంత చక్కగా వివరించిన సర్జన్ గారు ఫోనులో మాట్లాడుతూ వచ్చి, అవే చేతులతో కట్టు విప్పి చూసి, జూనియర్ల గుంపుతో పక్కగదికి వెళ్ళిపోయేవారు. సిస్టర్ చెప్పలేక నా వైపు చూసేది. నేను చెబితే ఆయన నవ్వి, "డోంట్ వర్రీ" అనేవారు.

అలా ఉండగా, ఒకరోజు పొద్దున ఆ ఫ్లోర్ సెక్యూరిటీ అతను నాతో గొడవకి దిగాడు. "మేడమ్, పేషెంట్ కే సాథ్ ఏక్ హీ అటెండెంట్. దూసరీ ఆంటీ కో నీచే భేజియే" అన్నాడు, రెండో ఆవిణ్ణి కిందికి పంపేయమని. రెండో ఆంటీ ఎవరూ లేరు భయ్యా, నేనొక్కదాన్నే ఉన్నానంటే వినడే. ఇంకో గదివాళ్ళనుకుని పొరబడ్డాడని సరిపెట్టుకున్నాను.

తర్వాత తుడిచే దీదీ వంతు. రోజూ మీ గుమ్మం దగ్గరే నీళ్ళెందుకు ఒలకబోస్తున్నారని నా మీద ఎగిరింది. చూస్తే నిజంగానే తడి. గది లోపల కాదు, సరిగ్గా గుమ్మం అవతల. నేను ఊరుకుంటానా, ఏసీ మనిషిని పిలిపించాను. అతను పైకప్పు పలక తీసి, లోపల చెయ్యి పెట్టి, "సూఖా హై మేడమ్" అని, అంతా పొడిగానే ఉందని తేల్చి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు రౌండ్లకి వచ్చిన సర్జన్ గారు గుమ్మం దగ్గర ఠక్కున ఆగిపోయారు. ఫోను జేబులో పెట్టేశారు. వెనక్కి తిరిగి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా రుద్దుకున్నారు. జూనియర్లు ఆయన వెనకే క్యూ కట్టారు. గౌను వేసుకుని లోపలికొచ్చి, బడిపిల్లాడిలా గొంతు తగ్గించి, "ఆప్‌కీ దాదీ బహుత్ స్ట్రిక్ట్ హై" అన్నారు.

మా బామ్మా? ఏ బామ్మ అన్నాను. పొట్టిగా, తడిచీర కట్టుకుని, చేతిలో కర్రతో నిలబడ్డారు కదా, ఆవిడే అన్నారు. కర్ర అడ్డం పెట్టి తన చేతుల వైపు చూపించి "దూరం, దూరం" అన్నారట. మాట మీ భాషే అయినా దూర్ అంటే నాకు తెలీదా అని నవ్వారు. తన ప్రొఫెసర్ తర్వాత ఇంతవరకు ఎవరూ అలా ఆపలేదట. నేను గుమ్మంలోకి పరిగెత్తాను. అక్కడ ఎవరూ లేరు, నేల మాత్రం తడిగా ఉంది.

ఆ రోజు నుంచి ఆ ఫ్లోర్‌లో చేతులు కడుక్కోని డాక్టరు లేడు. పోస్టర్లతో ఇన్నేళ్ళూ కానిది ఇప్పుడెలా అయిందో అర్థం కావట్లేదంది సిస్టర్.

ఈ దాదీ సంగతి అమ్మకి చెప్పలేదు. పోయినవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారంటే పిలుచుకుపోవడానికే అంటారు మావైపు. నేను అలాంటివి నమ్మను. నమ్మకపోయినా, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, గుమ్మం వైపు తిరిగి, "బామ్మా, నువ్వు అమ్మ కోసమే వచ్చుంటే మాత్రం దూరం! దూరం!" అన్నాను. ఆడిట్ ఉద్యోగినని మళ్ళీ గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

ఆఖరి మందు ఎక్కుతూనే ఉంది, జ్వరం దిగలేదు. కిడ్నీల పరీక్ష కూడా బాగాలేదని, రేపటికల్లా మార్పు రాకపోతే ఈ మందూ ఆపేయాల్సిందేనని చెప్పారు. ఆపేస్తే ఇంకేమీ లేదు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్ళి చాయ్ తెచ్చుకున్నాను, తాగకుండానే వదిలేశాను. అమ్మ లేకుండా ఆ ఇంట్లోకి ఎలా అడుగుపెట్టడమా అని ఏడ్చాను. మొహం కడుక్కుని పైకి వచ్చాను.

గౌను తొడుక్కుని లోపలికి వెళ్తే అమ్మ కళ్ళు తెరిచి పైకప్పు చూస్తోంది. నుదురంతా తడి. జ్వరం దిగేటప్పుడు చెమట పడుతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంది.

"మీ బామ్మ వచ్చిందే" అంది అమ్మ. "ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడిందా, కర్ర పట్టుకుని. కాసేపు చూసింది. ఆ కర్ర గోడకి ఆనించేసి లోపలికొచ్చేసిందే. నుదుటి మీద చెయ్యేసింది. ఎంత చల్లగా ఉందో చెయ్యి." కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పాపం, ఇప్పుడావిడ మళ్ళీ స్నానం చెయ్యాలి కదే."

జ్వరం మళ్ళీ రాలేదు. మందు పనిచేసిందన్నారు, నేనూ కాదనను. గుమ్మం దగ్గర తడీ ఆ రోజుతోనే ఆగిపోయింది. డిశ్చార్జి నాడు సెక్యూరిటీ అతను, దూసరీ ఆంటీ కనపడ్డం లేదేమని అడిగాడు. ముందే వెళ్ళిపోయిందన్నాను.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం అమ్మ మంచం మీంచే ఆర్డరు వేసింది. బాల్కనీలో ఒక బకెట్ నీళ్ళు పెట్టు, మగ్గు కాదు, చెంబు పెట్టు అంది. ఎందుకమ్మా అంటే, "ఆవిడ మైలపడి వెళ్ళిందే" అంది. వాదించే ఓపిక లేక, బకెట్ నిండా నీళ్ళు పట్టి, పక్కన చెంబు పెట్టి పడుకున్నాను.

పొద్దున చూస్తే బకెట్ ఖాళీ. చిల్లు ఉందేమోనని మళ్ళీ నింపి చూశాను, లేదు. పావురాలు తాగేసి ఉంటాయని మా ఆయన తీర్పు చెప్పారు. అమ్మ వాకర్ పట్టుకున్నా ఇంకా అడుగు తీసి అడుగు వేయలేదు. మా ఆయన ఈ ఇంట్లో ఒక్క గిన్నె కడిగి బోర్లించిన పాపాన పోలేదు. నేనైతే కాదని నాకు తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో లెక్క తేలక వదిలేసింది ఇదొక్కటే.

సరే, నీళ్ళు పావురాలే తాగాయనుకుందాం. చెంబు మాత్రం బోర్లించి ఉంది.