పులుసులో రెండోసారి ఉప్పు

గుప్పెడు ఉప్పు బరువెంత ఉంటుందంటారు? నేను ఏళ్ళ తరబడి మోశాను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే మధ్యలోనే "పోనీలే, ఇంత చిన్న విషయమా" అని నా నోరు మూయించేస్తారు. నాకా పోనీలే వద్దు.

పెళ్ళయి అనకాపల్లి వచ్చిన నాటినుంచీ వంటిల్లు మా అత్తయ్యది. నేను ఏం వండినా మా ఆయన తృప్తిగా తిని, "బాగుంది, కానీ అమ్మ చేసినట్టు లేదు" అనేవారు. ఆ 'కానీ' నాకు అస్సలు మింగుడుపడేది కాదు.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో శుక్రవారం శుక్రవారం అత్తయ్య ఉపవాసం. సాయంత్రం చర్చిలో కూడిక అయ్యేదాకా నాలిక మీద చుక్క కూడా వేసుకునేది కాదు. అయినా వంట ఆవిడే చేసేది, రుచి చూడకుండా, చేతి అంచనాతోనే. ఆ శుక్రవారం ఆనపకాయ పులుసు పొయ్యి మీద పెట్టి, బెల్లం ముక్క వేసి, దించెయ్యమని నాకు అప్పజెప్పి కూడికకు వెళ్ళింది. టీవీలో నా సీరియల్ మొదలైపోతోంది. ఉప్పు వేసిందో లేదో అడగలేదు. నేనైనా రుచి చూడొచ్చు, చూడలేదు. జాడీలోంచి గుప్పెడు తీసి వేసేశాను. గడప దగ్గర హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి, అప్పటికి ఒకటో క్లాసు, తలెత్తి చూసింది.

ఇక్కడిదాకా పొరపాటే. ఎవరైనా చేస్తారు.

భోజనాల దగ్గర మొదటి ముద్దకే మా ఆయన మొహం చిట్లించారు.

"ఏటమ్మా ఇది, ఉప్పు కసాయం! రెండుసార్లు ఏసీసేవేటి?"

అత్తయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఒక్కసారే ఏసేననుకున్నాన్రా" అంది. ముద్ద కంచంలోనే వదిలేసి, "ఏమో, గేపకం లేదు" అంది.

నేను అనాల్సింది ఒక్క మాట. నేనూ వేశానత్తయ్యా. అంతే. అందరం నవ్వుకుని, పెరుగేసుకుని లేచేవాళ్ళం. ఎందుకు అనలేదు? భయమా? మా ఇంట్లో ఉప్పెక్కువైందని కొట్టేవాళ్ళెవరూ లేరు. నిజం చెప్పేస్తున్నాను, ఆ క్షణాన నాకు సంతోషం వేసింది. అమ్మ చేతి వంటకి కూడా వంక పెట్టారు కదా అని, ఇన్నాళ్ళకి నా పక్కన ఇంకొకరు నిలబడ్డారు కదా అని. మౌనం అర్ధాంగీకారమంటారు. నాది పూర్తి అబద్ధం.

మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే మా అమ్మాయి అడిగింది.

"అమ్మా, ఉప్పు నువ్వు కూడా ఏసేవు కదా? మరి నానమ్మని అంటంటే ఊరుకున్నావేటి?"

"నువ్వు సరిగ్గా సూడలేదు. కదలకు."

అది మళ్ళీ అడగలేదు. ఒకే అబద్ధంతో ఒకరికి తన చేతి మీద, ఇంకొకరికి తన కంటి మీద నమ్మకం పోగొట్టాను.

ఆ తర్వాత అత్తయ్య గరిటె పట్టుకుని నన్ను పిలవడం మొదలుపెట్టింది. "అమ్మాయ్, ఉప్పు ఏసేనా నేను? సూసేవా?" నేను పెద్దమనిషిలా రుచి చూసి చెప్పేదాన్ని. ఈస్టరు ప్రేమవిందుకి చర్చిలో అందరికీ పులుసు ఎప్పుడూ ఆవిడే కాచేది. ఆ ఏడాది పాస్టరమ్మగారు అడగడానికి వస్తే, "నా సెయ్యి మీద నాకే నమ్మకం లేదమ్మా" అంది. పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? కాఫీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను. పులుసు పాపం కంటే ఆ కాఫీ పాపమే పెద్దది.

మెల్లగా వంటిల్లు నాదైపోయింది. అడక్కుండానే. కొన్నేళ్ళకి అత్తయ్య పోయింది, చివరిదాకా తనకి మతిమరుపనే నమ్మి. ఆవిడకి మా అందరి పుట్టినరోజులూ, వీధిలో వాళ్ళ పిల్లల పేర్లతో సహా గుర్తుండేవి.

పోయిన వారం మా అమ్మాయి ఇంటికొచ్చింది. ఉద్యోగం చేసుకుంటోంది ఇప్పుడు. పొయ్యి మీద ఆనపకాయ పులుసు. మూత తీసి, మామూలుగానే అడిగింది, "ఉప్పు ఏసేవా అమ్మా?"

వేశానని చెప్పి ఊరుకోవచ్చు. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, "ఏసేను. ఆ రోజు రెండోసారి ఏసింది నేనే. నువ్వు సరిగ్గానే సూసేవు" అన్నాను.

ఏ రోజని అది అడగలేదు. మూత మళ్ళీ పెట్టేసింది.

"నానమ్మకి సెప్పాల్సింది" అంది.

చెప్పాల్సింది. ఇక చెప్పలేను. ఫర్వాలేదని అది అనలేదు, నేను ఆశపడలేదు. ఇద్దరం కూర్చుని తిన్నాం. ఉప్పు సరిపోయిందో లేదో నాకు గుర్తు లేదు. పులుసు వండిన రోజున నేను మారు అన్నం పెట్టుకోవడం మాత్రం, ఇన్నేళ్ళలో అదే మొదలు.