చల్లగా ఉండాల్సిన మందు

మా అమ్మ వెన్నుపూస తుమ్మితే విరిగింది. మెట్ల మీంచి పడిందని చెప్పుకుంటే వినేవాళ్లకి కాస్త బాగుండేది. కానీ తుమ్మే. డాక్టరు స్కాన్ చూసి, ఎముకలు గుల్లబారాయన్నారు. రోజూ పొట్ట దగ్గర పొడుచుకునే ఇంజెక్షన్ రాశారు. పెన్నులాగే ఉంటుంది, ఒకటి నెలకి సరిపోతుంది. ఫ్రిజ్‌లోనే ఉండాలి, వేడి తగిలితే పాడైపోతుందని మరీ మరీ చెప్పారు.

సూది పొడిచే పని నాకు పడింది. నాన్న రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే మనిషి, హైవోల్టేజీకి భయపడరు. సూది చూస్తే మాత్రం పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు. అప్పట్లో మౌలాలి నుంచి మాదాపూర్‌కి మా కంపెనీ బస్సు పొద్దున్నే వచ్చేది. అది వచ్చేలోపు అమ్మకి మందు ఎక్కించి పరుగెత్తేదాన్ని. కాలనీ అంతటికీ నేను సాఫ్ట్‌వేర్ అమ్మాయిని, అమ్మకి మాత్రం నర్సమ్మని.

మే నెలలో విజయనగరంలో పెళ్లి వచ్చింది. వాడుతున్న పెన్నుని ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని వెళ్లాం. కొత్తవి రెండూ ఫ్రిజ్‌లో ఉండిపోయాయి. ఊరెళ్లేటప్పుడు ఆఖరున ఇంట్లోంచి బయటికొచ్చేది నాన్నే. గ్యాసు కట్టేసి, కుళాయిలు బిగించి, కరెంటు మెయిన్ ఆపేసి మరీ తాళం వేస్తారు. మేం లేనప్పుడు ఇల్లు అంటుకుంటుందని ఆయన నమ్మకం. తిరిగొచ్చాక ముందు లోపలికెళ్లేదీ ఆయనే. మేం సామాను దించుకునేసరికి లైట్లు వెలుగుతున్నాయి, ఫ్రిజ్ గుర్రుమంటోంది.

ఆగస్టుకి ఆ రెండు పెన్నులూ అయిపోవచ్చాయి. బియ్యం డబ్బా జరుపుతుంటే అమ్మకి ఇంకో పూస నొక్కుకుపోయింది. తుమ్ముతో పోలిస్తే ఇది గౌరవప్రదమైన కారణమే.

డాక్టరు కొత్త స్కాన్ చాలాసేపు చూశారు. మందు సరిగ్గా ఫ్రిజ్‌లోనే పెట్టారా అని అడిగారు.

"ఫ్రిజ్‌లోనే ఉందండి," అన్నారు నాన్న, ఆయన అడగడం పూర్తికాకుండానే.

అబద్ధం కాదు. ఫ్రిజ్‌లోనే ఉంది.

అయితే ఈ మందు ఈమెకి పనిచెయ్యట్లేదు, ఆపేద్దాం అన్నారు డాక్టరు. దీనికంటే గట్టిది తన దగ్గర లేదని కూడా అన్నారు. అమ్మ నేల వైపు చూస్తూ కూర్చుంది.

నాన్న ఆటో కోసం కిందికెళ్లారు. బెంచీ మీద అమ్మ గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"పెళ్లి నుంచి వచ్చిన రోజు పెరుగు చూడలేదేటే నువ్వు? పులిసిపోయి బుడగలొచ్చేసింది. ఐసు ట్రేలో నీళ్లే."

"తెలిసే రోజూ పొడిపించుకున్నావా?"

"చెప్తే ఆయన అన్నం తింటారేటి?"

అంటే మెయిన్ ఆపేసిన ఇంట్లో, ఆగిపోయిన ఫ్రిజ్‌లో ఆ ఎండలకి ఉడికిన నీళ్లని నేను రెండు నెలలపాటు మా అమ్మ పొట్టలోకి భక్తిగా ఎక్కించాను. ముందు స్పిరిట్‌తో తుడిచి మరీ. నేను లేచాను. అమ్మ నా చున్నీ పట్టుకుంది.

"డాక్టరు ముందు మీ నాన్న తల దించుతావేటే?"

"ఆయన తల బాగానే ఉందమ్మా. స్కాన్ నీది."

చున్నీ విడిపించుకుని లోపలికెళ్లి చెప్పేశాను. పూస నొక్కుకుపోయింది అందుకేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నారు డాక్టరు. రాసింది కొట్టేసి, పాత మందే మళ్లీ రాశారు. కిందికి దిగాక నాన్న ఆ చీటీ చూశారు, నా మొహం చూశారు. పెద్ద సన్నివేశం జరగాల్సిన చోటు అదే. "జల్ది ఎక్కుండ్రి, ఈడ ఆపనియ్యరు," అన్నాడు ఆటో అతను. ఎక్కాం.

మర్నాడు పొద్దున, వచ్చేటప్పుడు కొన్న కొత్త పెన్ను తీద్దామని వెళ్తే ఫ్రిజ్‌లో లేదు. అమ్మ అప్పటికే తయారై, గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వొద్దులే. కాంపౌండరు దగ్గరికి నాన్నగారు తీసుకెళ్తారు."

కాంపౌండరు ఉండేది రెండు వీధుల అవతల. విరిగిన నడుముతో, నాన్న భుజం మీద చెయ్యేసి, ఆగి ఆగి నడుస్తూ వెళ్లింది. నాన్న ఐసు ఫ్లాస్కుని రెండు చేతులతో పట్టుకుని, దాని మూత వైపే చూస్తూ నడిచారు. ఆయన చేతిలో మందు అంత చల్లగా ఎప్పుడూ ఉండలేదనుకుంటాను. నేను వెళ్లి బస్సెక్కాను.

కాంపౌండరు చెయ్యి చాలా తేలికట. సాయంత్రం అమ్మ నాన్నతో అంది, నాకు వినపడేలా.