కలపకూడని ముక్కలు

మా వదిన ఉద్యోగం విరగ్గొట్టడం, నా వ్యాపారం అతికించడం. గొడుగు కమ్మీలు, సూట్‌కేసు పిడులు, కళ్ళజోళ్ళు, ఏది విరిగినా నా కొట్టుకి రావలసిందే. "ఒక ఇంట్లోనే ఉన్నా ఒకరి పొట్ట ఒకరు కొట్టుకోవడం లేదు, అదృష్టం" అని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. ఆయనది వదిన పనిచేసే పరిశోధనశాలలోనే లేత్ పని. ఆయన నున్నగా తీసి ఇచ్చిన ఉక్కు కడ్డీలను ఆవిడ తెంపేది. అలాగే చక్కగా కాపురం చేశారు.

తెంపడమంటే సుత్తితో కాదు. వేలెడంత కడ్డీని నిలువు కొలిమిలో ఎర్రగా కాలుస్తూ, దానికి బరువు వేలాడదీసి, తెగేదాకా నెలల తరబడి కాపలా కాయాలి. ఎంత గట్టి ఉక్కయినా ఆ వేడిలో మెల్లమెల్లగా సాగుతుంది. దాన్ని క్రీప్ అంటారట. ఉక్కుకి కూడా బద్ధకమా అని నేను నవ్వితే, ఆ ఉక్కుతో చేసిన ఆవిరి గొట్టాల పక్కన నిలబడి నవ్వు చూద్దాం అంది వదిన.

ఆవిడ చేతికి కొత్తరకం ఉక్కు ఒకటి వచ్చింది. అందులో కంటికి ఆనని ఆక్సైడ్ రవ్వలు కలుపుతారు. అవి లోపల అడ్డుపడి ఉక్కును సాగనివ్వవు. "మామూలు ఉక్కు తెగేముందు నడుం సన్నబడి చెబుతుంది మరిదిగారూ. ఇది ఉలకదు, పలకదు. ఓ రోజు టప్పున రెండు ముక్కలు!" అనేది. కోపం లేనప్పుడు నేను మరిదిగారిని.

పనిలో వదినకు ఒకటే చాదస్తం. తెగిన రెండు ముక్కలను మళ్ళీ ఒకదానికొకటి ఆనించకూడదు. తెగుడు ఎక్కడ మొదలైందో తెగిన ముఖం మీద ఆనవాళ్ళు ఉంటాయి, ఆనిస్తే నలిగిపోతాయి. నన్నొకసారి అక్కడికి తీసుకెళ్ళినప్పుడు గుమ్మంలోనే, "చేతులు జేబుల్లో పెట్టుకోండి మరిదిగారూ, అవి ఊరుకునే చేతులు కావు" అంది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ నీతి నూరిపోసింది ఆవిడే.

అన్నయ్య జబ్బుతో మంచం పట్టేముందు తీసిన ఆఖరి కడ్డీ ఈ కొత్త ఉక్కుదే. అప్పటికే ఆయన చెయ్యి వణుకుతోందని అక్కడ అందరికీ తెలుసు. ఆయన పోయాక వదినే దాన్ని కొలిమిలో వేలాడదీసింది. ఇంట్లో మాత్రం దాని ఊసెత్తేది కాదు.

అది అనుకున్నదానికంటే చాలా ముందే తెగింది. పెద్ద ఇంజనీరు పెదవి విరిచి, "లేత్ గీత పడిందేమో. అంచునుంచి మొదలైతే మనిషి తప్పు, లోపలినుంచి మొదలైతే ఉక్కు గుణం. రేపు ముఖం చూద్దాం" అన్నాడట.

ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా కూర్చుంది.

"కలిపేశాను."

"ఏమిటి?"

"ఆ ముక్కల్ని. సాగి ఉంటే అసలు సరిపోయేవి కావు. సాగనే లేదు. మీ అన్నయ్య తీసినంత లావూ అలాగే ఉంది. ఒక్కసారి మొత్తంగా చూడాలనిపించింది. చెయ్యి దానంతటదే పోయింది. అతుకు కనపడనంత బాగా అమిరింది."

"ఎవరూ చూడలేదుగా వదినా, చెప్పకు" అన్నాను. అనకూడని మాటే.

"చెప్పకపోతే ఆ నలుగుళ్ళు చూసి లేత్ గీతే అంటారు. చెబితే మొగుడి తప్పు కప్పడానికి కావాలనే చెరిపిందంటారు. ఎటు తిప్పినా ఆయన మీదికే వస్తుంది" అంటూ ఏడ్చింది. అన్నయ్య పోయినప్పుడు కూడా అంత బిగ్గరగా ఏడవలేదు.

మర్నాడు అందరిముందే చెప్పేసింది. "ఇది అందరికీ నేర్పింది మీరే కదమ్మా" అన్నాడట పెద్ద ఇంజనీరు. తిట్టినా బాగుండేది అంది వదిన. మళ్ళీ ఆయనే, "ముఖం పోయినా ఒళ్ళుంది కదా. ఒక ముక్కను నిలువునా కోసి చూద్దాం" అన్నాడు.

"కొయ్యడం, చూడడం వేరేవాళ్ళు చెయ్యాలి సార్. నేను ముట్టుకోను" అని వదిన తప్పుకుంది. దాన్ని కోసి, అద్దంలా నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టేదాకా ఆవిడకు అన్నం సయించలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడినా తనకు తెలియలేదు, నేనూ అలాగే తినేశాను.

ఆ కబురు తెలిసిన రోజు ఇంటికి పోకుండా నేరుగా నా కొట్టుకే వచ్చింది. నేను ఎవరిదో కళ్ళజోడు అతికిస్తున్నాను. గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగింది.

"లోపలే మొదలైందట. తెగినచోటుకి కాస్త కింద సన్నటి కన్నాలు, వరసగా. ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయాయి. నన్నూ పిలిచి చూపించారు. అంచు మాత్రం శుభ్రంగా ఉంది."

"అంటే?"

"గీత లేదు. ఎంత వెతికినా లేదు." గ్లాసు బల్లమీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ కడ్డీ తీసేటప్పుడు మీ అన్నయ్య చెయ్యి వణకలేదు మరిదిగారూ."

నేను కళ్ళజోడు కమ్మీని గట్టిగానే పట్టుకున్నాను. అయినా జిగురు పక్కకి పోయింది, తుడిచి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.