ఐదు తూటాలతో రాస్ అల్ ఖైమా కొండలకు

గురువారం మధ్యాహ్నం రెండింటికి దుబాయ్ డేరా టాక్సీ అడ్డాలో రాస్ అల్ ఖైమా బండి ఎక్కాను. సంచిలో ఒక జత బట్టలు, కిలో నారింజలు, రుమాల్లో చుట్టిన ఐదు తూటాలు. వాటితోపాటు అర్బాబ్ లైసెన్సు కాగితం కూడా ఉంది కాబట్టి గుండెదడ కాస్త తక్కువే. ఈ దారిన వెళ్ళే మనవాళ్ళకు ఒక మాట. సీట్లన్నీ నిండితేగాని బండి కదలదు. ముందు సీటు కావాలంటే ముందే వెళ్ళి కూర్చోండి, వెనక ఇరుక్కున్నవాడికి షార్జా దాటేసరికి కాళ్ళు ఎవరివో తెలియవు.

అర్బాబ్ నా పాత యజమాని. అల్ కుసైస్ గ్యారేజీలో మెకానిక్‌గా చేరకముందు ఆయన దగ్గర నాలుగేళ్ళు డ్రైవరుగా ఉన్నాను. డెబ్భై దాటిన మనిషి. వయసులో బొంబాయి ఓడల మీద తిరిగారు కాబట్టి హిందీ మనకంటే ధారాళంగా మాట్లాడతారు. ఆయన దగ్గర ఒక పాత రైఫిల్ ఉంది. చమురు వెతకడానికొచ్చిన దొర ఒకాయన తిరిగి వెళ్ళిపోతూ ఇచ్చాడట. దానికి పట్టేది పాతకాలపు త్రీ హండ్రెడ్ మాగ్నమ్ తూటా. చూపుడువేలంత పొడవు, భుజం దగ్గర ఏటవాలుగా జారిపోయి ఉంటుంది. దాని రోజులు అయిపోయాయి, రైఫిల్ అమ్మేసి కొత్త రకం కొందామని కొడుకు పోరుతున్నాడు. మా నాన్న నిర్మల్ అడవుల్లో వేటకొచ్చిన దొరలకు జాడ చూపించేవాడు. ఆయన వెంట నేనూ తుపాకులు మోసినవాణ్ణే కాబట్టి, అది ఇంకా పనికొస్తుందో లేదో నువ్వే వచ్చి చూడమని అర్బాబ్ ఫోన్ చేశారు. ఖాళీ తూటా ఒకటి, తన లైసెన్సు కాగితం మనిషి చేత పంపించి, అలాంటివి ఎక్కడైనా దొరికితే తెమ్మన్నారు.

అసలు కారణం వేరే. ఆయన భార్యకు జబ్బు చేసి మూడు నెలలుగా ఏమీ సహించడం లేదు. కొత్త కాపురంలో తిన్న కొండమేక మాంసం పులుసు ఒక్కసారి తాగాలని ఉందని అన్నారట. ఆమెను ఇక్కడి అలవాటు ప్రకారం మామా, అంటే అమ్మా, అని పిలిచేవాణ్ణి. ఆమె ఆసుపత్రికి వెళ్ళే రోజుల్లో బండి నడిపింది నేనే. ఆమె కోసం కాకపోతే సెలవు చెడగొట్టుకుని కొండలెక్కేవాణ్ణి కాదు.

డేరాలో నేను తూటాలు కొన్న కొట్టు ఇరానీ మనిషిది. నమూనా తూటా చూసి నవ్వాడు. ఇప్పుడు కొత్త మాగ్నమ్ వచ్చింది, పొట్టిగా ఉంటుంది, బలం ఏమాత్రం తగ్గదు, దీన్ని ఎవడడుగుతాడు అన్నాడు. చివరికి అడుగు అరలో వెతికి ఐదు తీశాడు.

బండిలో నా పక్కన కొమురయ్య కూర్చున్నాడు. సిరిసిల్ల దగ్గరి మనిషి, రాస్ అల్ ఖైమాలో కంకర క్వారీలో పని. నేను వెళ్ళే పని చెప్పగానే తల తిప్పాడు.

“కొండమేకలు ఇంక యాడున్నయన్నా? మా క్వారీల దినాం మందు వెట్టి పేలుస్తరు. ఆ సప్పుడుకు మాకే గుండెలదురుతయి, అవుంటయా?”

ఉమ్ అల్ కువైన్ దగ్గర బండి ఆగితే చాయ్ తాగాం. వద్దంటున్నా కొమురయ్యే ఇప్పించాడు. దిగేటప్పుడు మాత్రం, దొరికితే మా క్యాంపును మరువకు అన్నాడు. నాలుగు దాటాక అర్బాబ్ ఇంటికి చేరాను.

ఆ సాయంత్రం అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఖర్జూరాలు, కహ్వా కాఫీ, ఆ తర్వాత చేపలు, అన్నం. మాటలన్నీ తూటా మీదే. గుండు ఎంత బరువుంటుంది, ఎంత దూరం పడిపోకుండా వెళ్తుంది, మందు పాతబడి చెమ్మగిల్లి ఉంటుందా. అర్బాబ్ తూటాలు ఒక్కొక్కటే దీపం దగ్గర తిప్పి చూశారు. తెర వెనక గదిలోంచి మామా అరబ్బీలో ఏదో అన్నారు. ఈ వయసులో కొండెక్కుతాడట, తనను మోసుకు రావడానికి నిన్ను పిలిపించాడని అన్నారట. అర్బాబ్ చెప్పి తనే నవ్వారు.

శుక్రవారం తెల్లవారుజామున నమాజు కాగానే ల్యాండ్ రోవర్‌లో బయల్దేరాం. స్టీరింగ్ నాకే ఇచ్చారు. రోడ్డు అయిపోయాక గులకరాళ్ళ వాగులోనే దారి. ఏడింటికల్లా బండి వదిలి నడక మొదలుపెట్టాం. ఈ కొండల మీద చెట్టు లేదు, నీడ లేదు, కాలికింద రాయి నిలవదు. మీలో ఎవరైనా వెళ్తే మంచి బూట్లతో వెళ్ళండి. మా గ్యారేజీ చెప్పులతో వెళ్ళిన తెలివి నాది.

రెండు చోట్ల కూర్చుని లేచాక లోయకు అవతల గట్టు మీద ఒక్క మేక కనిపించింది. గోధుమరంగు జూలు, వెనక్కి వంగిన పొట్టి కొమ్ములు. చాలా దూరం. నేనైతే వదిలేద్దామనే అన్నాను. అర్బాబ్ తలగుడ్డ మడిచి రాయిమీద పెట్టి, దానిపైన రైఫిల్ ఆనించి, బిస్మిల్లా అని పేల్చారు. లోయంతా మోగింది. మేక వెనక కాళ్ళ మీద కూలి, జారి, కింద అరుగులాంటి బండ మీద ఆగింది.

“చూశావా? పాతదట, అమ్మేయాలట,” అన్నారు. నాలుగేళ్ళలో ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను చూడలేదు.

ఆ వెంటనే ఆయన చెయ్యి నడుముకు వెళ్ళింది. కత్తి అక్కడే ఉంది.

తుపాకీ దెబ్బకే చచ్చిన దాన్ని కొందరు తింటారు. ఆ ఇంట్లో తినరు. ప్రాణం ఉండగానే దేవుడి పేరు చెప్పి గొంతు కోయాలి. అందుకే పూర్వం ఆయన తమ్ముడు కత్తి పట్టుకుని ముందుగా అవతలి గట్టు చేరేవాడు. అతను చెయ్యెత్తాకే ఈయన పేల్చేవారు. తమ్ముడు పోయి పదేళ్ళయింది. రాత్రంతా తూటా గురించి అంత మాట్లాడుకున్నాం గానీ, కత్తి ఎవరు పట్టుకెళ్తారని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

“యల్లా, నువ్వు పో. అది కింద పడకుండా పట్టుకో. కోయకు. నేను వస్తున్నా,” అన్నారు.

లోయలోకి దిగి, మళ్ళీ చేతులతో పాకుతూ ఎక్కాను. అరుగు చేరేసరికి మేక బతికే ఉంది. గుండు నడుము దగ్గర దిగింది. వెనక కాళ్ళు లేవడం లేదు, ముందు కాళ్ళు రాయిని గీకుతున్నాయి. కొమ్ము పట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. జేబులో నారింజలు ఒలుచుకునే చాకు ఉంది. దాని బాధ అక్కడితో తీర్చేయవచ్చు. కానీ నేను హిందువుని, నా చేతి కోత ఆ ఇంటికి పనికిరాదు. నేను కోస్తే మామా పులుసు అక్కడితో ఖలాస్.

కింద అర్బాబ్ తెల్లటి కందూరా అంగీ కనిపిస్తోంది. పది అడుగులు వేసి ఆగుతున్నారు, మళ్ళీ ఎక్కుతున్నారు. ఒకసారి జారి కూర్చున్నారు. త్వరగా రండి అని ఒకసారి అరిచాను. ఆ ముసలి కాళ్ళను చూసి మళ్ళీ అరవలేకపోయాను. మేక నన్నే చూస్తోంది. ముట్టుకుంటే మెడ వెచ్చగా ఉంది. చాకు రెండుసార్లు తీసి రెండుసార్లు పెట్టేశాను.

ఆయన చివరి మలుపు తిరిగి కత్తి దూసేసరికి అది తల వాల్చేసింది. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూశారు. చాలాసేపు అలాగే ఉంచారు.

“ఖలాస్,” అన్నారు. తర్వాత, “నువ్వు తీసుకుపో. మీవాళ్ళు తింటారు కదా,” అన్నారు.

నాకు మనసు ఒప్పలేదు. మనసు ఒప్పినా, ఆయన్ని దించుతూ దాన్ని కూడా మోసుకొచ్చే శక్తి నాకు లేదు. రాళ్ళు కప్పి దిగాం. దారి పొడుగునా ఇంకో మేక జాడ కనబడలేదు, పేడ ఉండ కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి మూడయింది. తెర దగ్గర నిలబడి అర్బాబ్, ఏమీ కనబడలేదని చెప్పారు. లోపలినుంచి మామా నెమ్మదిగా మాట్లాడారు. ఈసారి నాకు అర్థమయ్యేలా, వచ్చీరాని హిందీలో.

“మంచిదే అయింది బేటా. నోరు చచ్చి అడిగాను గానీ తర్వాత అనిపించింది, ఎన్నని మిగిలి ఉంటాయి అవి? తిరగనివ్వండి పాపం.”

అర్బాబ్ కత్తి తీసి గూట్లో పెట్టేసి బయటికి వెళ్ళిపోయారు. నేను బయల్దేరేటప్పుడు మిగిలిన నాలుగు తూటాలు తిరిగి నా చేతికే ఇచ్చారు. రైఫిల్ అమ్మేస్తానని గానీ ఉంచుకుంటానని గానీ చెప్పలేదు.

సాయంత్రం ఐదున్నరకు టాక్సీలో తిరుగు ప్రయాణం. ఈసారి వెనక సీటే దొరికింది. పాత మాగ్నమ్ పనికొస్తుందా అని ఎవరైనా అడిగితే, భేషుగ్గా పనికొస్తుందనే చెప్పాలి. మందు చెమ్మగిల్లలేదు, గుండు అంత దూరమూ వెళ్ళింది. మేం వెళ్ళలేనంత దూరం వెళ్ళింది. ఆ దూరాన్ని చూసి వద్దని గట్టిగా చెప్పాల్సినవాణ్ణి నేనే, గట్టిగా చెప్పలేదు.

క్వారీ మలుపు దగ్గర ఒకరు దిగితే కొమురయ్య ఎక్కాడు. దుబాయ్‌లో అన్న దగ్గరికి వెళ్తున్నాడట. నన్ను చూసి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

“ఏమన్నా దొరికిందా అన్నా?”

“లేదు.”

“నేను చెప్పలే? ఇంక ఒక్కటన్న ఉన్నదా కొండ మీద?”

కిటికీలోంచి కొండలు నల్లబడుతూ కనిపిస్తున్నాయి. ఉన్నాయి, తిరుగుతున్నాయని చెప్పాను.