నల్లా కరుస్తుందట

ఇల్లు కట్టుకున్నవాడికి పుణ్యం వస్తుంది, పైఅంతస్తు కిరాయికి ఇచ్చినవాడికి ఏకంగా మోక్షమే వస్తుందని చెరువు కట్ట మీద నాతో వాకింగ్ చేసే మిత్రులకు చెబుతుంటాను. బతికుండగానే యమధర్మరాజు ముందు నిలబడి జవాబులు చెప్పుకునే అలవాటు అవుతుంది కదా. మా పైఅంతస్తులో ఉండే ఇల్లాలు మూడేళ్లలో నా మీద మూడు వందల ఫిర్యాదులు చేసింది.

ఇది రాస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుని పప్పు ఏరుతోంది. బయటికి చదివాను, అదే నేను చేసిన తప్పు. "మూడొందలా? దేవుడు చూస్తుండు, జర తగ్గించు" అంది. సరే, వాళ్లు దిగి ఏడాదిన్నరే అయింది. ఫిర్యాదులు పద్నాలుగు. పద్నాలుగైతే మాత్రం, ఎటువంటివో వినండి.

ఎండాకాలంలో ఒకటి: "అంకుల్, పొద్దుమూకంగ ఎండ సీదా వంటింట్లకు వస్తుంది, ఏమన్న చేయరాదు?" సూర్యుడితో మాట్లాడి చెబుతానన్నాను. ఇంకొకటి: ఫ్యాను మూడో నంబరు మీద టక్‌టక్ అంటుంది, రెండు మీద అనదు, నాలుగు మీద అనదు. అయితే మూడు మీద పెట్టకు బిడ్డా అన్నాను. సజ్జ మీద పావురాలు గొణుగుతున్నాయని ఇంకొకటి. బాత్రూం అద్దంలో ముఖం వంకరగా కనబడుతోందని మరొకటి. ఆ అద్దంలో నేనూ చూసుకున్నాను, వంకర ఏమీ లేదు. ఉన్న ముఖమే ఉంది.

ఇటువంటి వాటిని ఎలా తీర్చాలో నాకు ఒకరు నేర్పనక్కర్లేదు. ముప్పై ఏళ్లు మండలాఫీసులో కూర్చుని అర్జీలు తీసుకున్నవాణ్ని. అర్జీ అనేది పచ్చి మామిడికాయ వంటిది. రాగానే కొయ్యకూడదు. ట్రేలో పడేసి ఉంచితే పదింటిలో తొమ్మిది వాటంతట అవే ఎండిపోతాయి. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. మొదటిసారి వస్తే "చూద్దాం బిడ్డా". రెండోసారి వస్తే "యాదున్నది బిడ్డా". మూడోసారి వస్తే ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని మెట్లెక్కి, చెడిపోయిందన్న వస్తువును దాని పిడితో మూడుసార్లు కొట్టి, "ఇగ అయిపోయింది, మల్ల రాదు" అని దిగడం. వానలు మొదలుకాగానే ఎండ వంటింట్లోకి రావడం మానేసింది. పావురాలు పిల్లల్ని లేపుకుని ఎటో పోయాయి. సూర్యుడికీ పావురాలకూ కూడా నా స్క్రూడ్రైవర్ అంటే భయమని కట్ట మీద చెప్పుకున్నాను.

పద్నాలుగోది దసరా పోయి చలి మొదలైనప్పుడు వచ్చింది. ఆమె ఐదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని దిగింది. భర్త చిన్నకోడూరు వైపు ఒక బడిలో టీచరు. ఏ కాలమైనా చన్నీళ్ల స్నానమే ఆయనకు. బండి తీస్తూ "నమస్తే సార్" అనడమే తప్ప నాతో ఇంకో మాట ఆడినవాడు కాదు. మాటల శాఖ అంతా ఆమెదే.

"అంకుల్, బాత్రూంల నల్లా పట్టుకుంటే చిమచిమ అంటుంది. పాప తానానికి పోతలేదు. నల్లా కరుస్తుందని ఏడుస్తుంది."

"నల్లా కరుస్తదా? దానికి పండ్లు ఎప్పుడు మొలిచినయి?" అన్నాను పాపతో.

ఆ పిల్ల నవ్వలేదు. "పండ్లు కనవడవు తాతా. గీజర్ మీద ఎర్ర లైటు ఉన్నప్పుడే కరుస్తది. లైటు పోతే కరువది" అంది.

ఐదేళ్ల పిల్ల అంత వివరంగా చెప్పాక, మెదడన్నది ఉన్నవాడెవడైనా లేచి మెయిన్ కట్టేసేవాడు. నేను మండలాఫీసు మెదడును. చలికాలంలో పిల్లలు స్నానానికి చెప్పే సాకుల్లో ఇది కొత్తదని మెచ్చుకుని, "చూద్దాం బిడ్డా" అన్నాను. మా ఆవిడ లోపలినుంచి "ఒక్కసారి పోయి చూసొస్తే కాళ్లు అరుగుతయా?" అంది. అరుగుతాయనే చెప్పాను.

మర్నాడు కట్ట మీద ఈ సంగతి చెప్పాను. మా గుంపులో అందరికీ కిరాయి ఇళ్లు ఉన్నాయి. పొద్దున్నే కిరాయిదార్ల మీద చాడీలు చెప్పుకుంటే రక్తపోటు తగ్గుతుందని మా నమ్మకం. "నల్లా కరిస్తే పిల్లకెందుకు, నల్లాకే ఏయించు కుక్క సూది" అన్నాడు ఒక మిత్రుడు. అందరం నవ్వాం. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను.

ఆమె రెండోసారి వచ్చింది. "యాదున్నది" అన్నాను. మూడోసారి వచ్చింది. ఈసారి గొంతులో బతిమాలడం లేదు. "నేను గీజర్ బంద్ చేసినంకనే పాపను లోపలికి పంపుతున్న. ఒకరోజు మర్చిపోతే? నేను ఇంట్ల లేనప్పుడు అదే పోయి పట్టుకుంటే?" అంది.

స్క్రూడ్రైవర్ తీసుకుని పైకి వెళ్లాను. ఇక్కడ నా మడమ గురించి చెప్పాలి. రెండేళ్లుగా మడమ నొప్పి. వట్టికాళ్లతో నేల మీద అడుగు పెట్టొద్దని డాక్టర్ మెత్తటి రబ్బరు చెప్పులు రాశాడు, ఇంట్లో కూడా వేసుకోమన్నాడు. పైఇంటి గుమ్మం ముందు వాళ్ల ముగ్గురి చెప్పులూ వరసగా విడిచి ఉంటాయి. ఎవరి ఇంటికి వెళ్లినా చెప్పులు బయట విడిచే లోపలికి వెళ్లాలని నాకూ తెలుసు. కానీ ఇల్లు నాది, మడమా నాదే. చెప్పులతోనే బాత్రూంలోకి నడిచి, ఎర్ర లైటు వెలుగుతుండగా నల్లాను పిడికిలి నిండా పట్టుకుని పది లెక్కబెట్టాను. పులి మెడ పట్టుకున్న భంగిమ అనుకోండి.

"ఏది, కరువుమను" అన్నాను.

ఆమె వట్టికాళ్లతో తడి నేల మీద నిలబడి, వేలికొన ఆనించి, చటుక్కున తీసేసింది. "అంటుంది అంకుల్."

"నేను గింతసేపు పట్టుకున్న కద. గది నల్లాల లేదు, నీ మనసుల ఉన్నది."

"నా మనసుల ఉన్నదే అనుకుందాం. పాపకు ఎవరు చెప్పిన్రు?"

మూడోసారి పద్ధతే పాటించాను. నల్లాను మూడుసార్లు కొట్టి, "ఇగ అయిపోయింది" అని దిగిపోయాను.

కార్తీక పున్నమికి వాళ్లు సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. ఆమె చేసిన మర్యాదకు లోటు చెప్పలేను. నా మీద కోపం ఉన్నా, మా ఇద్దరినీ పెద్దలుగా ముందు కూర్చోబెట్టింది. దేవుడి పీట ఉన్న గదిలోకి చెప్పులతో పోయేంత తెగింపు ఎంతటి ఓనరుకైనా ఉండదు. గుమ్మం ముందు వాళ్ల చెప్పుల పక్కనే నావీ విడిచాను. దుబ్బాక నుంచి ఆమె పుట్టింటివాళ్లు, అటువాళ్లు, ఇటువాళ్లు, ఇల్లంతా జనం. వచ్చిన ఆడవాళ్లు గిన్నెలు కడగడానికి వేడినీళ్ల కోసం గీజర్ వేశారు, నీళ్లు మాత్రం ఇంకా ఎవరూ పట్టలేదు. ఆమె కథ వింటూ పీట మీద ఉంది, ఆ సంగతి ఆమెకు తెలియదు.

ప్రసాదం తిన్నాక పాప నా దగ్గరికి వచ్చింది, చేతులనిండా నెయ్యి, చక్కెర. వంటింట్లో నల్లా దగ్గర సందు లేదు. అప్పుడు నా బుర్రకు ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఇంతమంది చుట్టాల ముందు ఈ నల్లా కేసు కొట్టేయాలి. "దా బిడ్డా, ఆ నల్లా కిందనే కడుగుదాం. కరువదని నీకు నేను చూపెడత" అని ఆ పిల్ల చేయి పట్టుకుని బాత్రూంలోకి తీసుకెళ్లాను.

గుమ్మంలోనే కాళ్లు తన్నిపెట్టింది. "ఎర్ర లైటు ఉన్నది తాతా."

"ఉంటే ఉండనీ."

"అయితే ముందు నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను.

కట్ట మీద చెప్పినప్పుడు పదడుగులు ఎగిరి అవతలి గోడకు తగిలానని చెప్పాను. బాత్రూం మొత్తం ఆరడుగులే, అందుకని ఇక్కడ తగ్గిస్తున్నాను. జరిగింది ఇది: తడి నేల మీది వట్టికాళ్ల నుంచి భుజం దాకా ఏదో పాకి, మోచేయి దానంతట అదే వెనక్కి గుంజుకుంది. నోటినుంచి ముసలి మేక అరుపు వంటిది ఒకటి వచ్చింది. నల్లా వదిలేసింది కాబట్టి బతికాను, నా తెలివి వల్ల కాదు. నా రెండో చేతిలో అంతదాకా ఉన్న ఆ పిల్ల చేయి అప్పటికి లేదు. పాప ముందే విడిపించుకుని గుమ్మం అవతల నిలబడి ఉంది.

పాప హాల్లోకి పరుగెత్తి చెప్పింది: "అమ్మా, తాతకు కూడ కరిచింది."

ఇల్లంతా నా వైపు తిరిగింది. నేను ఆ క్షణంలో ఏమన్నానో రాయాలంటే ఇప్పటికీ కలం ఆగుతోంది. "ఏం లేదు, కాలు జారింది" అన్నాను. పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. దాని తల్లి కూడా చూసింది.

చేసిన ఒక్క మంచి పని కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గరి బోర్డులో గీజర్ ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం. దొంగలాగా చేశాను.

మర్నాడు పొద్దున్నే మా గల్లీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. గడ్డం నెరిసిన సాయిబు, మా ఇంటి వైరింగ్ చేసినవాడు. గీజర్ విప్పి, "కాయిల్ పలిగింది సాబ్. కరెంటు నీళ్లలకు దిగుతుంది" అన్నాడు. తరవాత ఇంటి ముందుకు వచ్చి, "కాయిల్ పలిగినా ఎర్త్ ఉంటే పానానికి గింత ఖతర్ ఉండది. నేను ఇంటి ముందల ఉప్పు, బొగ్గు ఏసి ఎర్త్ గుంత తీసిన కద. ఏది?" అని అడిగాడు.

గుంత నా స్కూటర్ కింద ఉంది. రెండేళ్ల కింద స్కూటర్ పెట్టడానికి జాగా చాలక, దాన్ని పూడ్పించి మీద టైల్స్ వేయించాను. గోడ వెంట ఆ గుంతలోకి దిగిన తీగ టైలుకు అడ్డం వస్తోందని మేస్త్రీ అడిగితే, కోసెయ్యమన్నది నేనే. "గది లేకున్నా లైట్లు వెలుగుతున్నయి గదా" అన్నాను కూడా. ఎండాకాలంలో ఆ గుంతలో రోజూ బిందెడు నీళ్లు పొయ్యమని సాయిబు చెప్పిన మాట కూడా అలాగే పూడ్చేశాను.

సాయిబు ఆ టైల్స్ వైపు, నా వైపు చూశాడు. "నన్ను తిట్టుర్రి సాబ్, గుంత తీసినందుకు" అన్నాడు. టైల్స్ పగలగొట్టించి, గుంత తీసి, తీగ కలిపి, కొత్త గీజర్ బిగించేసరికి సాయంత్రమైంది.

ఆ మరుసటి రోజు కట్ట మీద నేను చెప్పిన కథ వేరు. లోపం ఉందని ముందే పసిగట్టి, నా చేయి నేనే పణంగా పెట్టి పరీక్షించి, పసిపిల్ల ప్రాణం కాపాడానని చెప్పాను. కుక్క సూది మిత్రుడు భుజం తట్టాడు. ఆ తట్టిన చోట రోజంతా బరువుగానే ఉంది.

సాయంత్రం పైకి వెళ్లి ఆమెకు అసలు సంగతి చెప్పాను. ఆ రోజు నన్ను కాపాడిన రబ్బరు చెప్పులు, తీగ, టైల్స్, అన్నీ. పాప చేతిని ఆ నల్లా మీద నేనే పెట్టించబోయానని కూడా చెప్పాను. ఆమె చపాతీలు వత్తుతోంది, చేతులు ఆగాయి.

"అంకుల్, ఫ్యానుకు మీరు రాకున్న నేను ఏమన్లే. ఎండకు నవ్విన్రు, నేను కూడ నవ్విన. గిది పిల్ల పానం."

"అవును బిడ్డా."

"ఇల్లు ఖాళీ చేద్దామని ఆయన నిన్ననే అన్నడు. అది ఇంక తానానికి పోతలేదు. సాయిబు వచ్చి చెప్పినా నమ్ముతలేదు. అది నమ్మని ఇంట్ల మేమెట్లుంటం?"

పాప బాత్రూం గుమ్మం ముందు తువ్వాల భుజాన వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన నేనూ కూర్చున్నాను. మడమ వద్దంది, అయినా కూర్చున్నాను.

"బాగు చేసినం బిడ్డా. ఇగ కరువది."

"నీకు కరువలేదన్నవు కద. కాలు జారిందన్నవు."

"అబద్ధం చెప్పిన. కరిచింది."

"ఏడ?"

కుడిచేయి చాపాను. వేళ్లు ఒక్కొక్కటి తిప్పి చూసింది, మోచేయి దాకా పరిశీలించింది. ఏ మండలాఫీసులోనూ ఇంత శ్రద్ధగా విచారణ జరిగి ఉండదు.

"ఏడ్చినవా?"

"నేనా? గింత కరెంటుకు నేను ఏడుస్తనా" అన్నాను. ఆ పిల్ల చూపు నా ముఖం మీద నుంచి కదలలేదు. మా ఆవిడకు కూడా చెప్పని సంగతి అది. "ఏడ్చిన బిడ్డా. ఇంటికి పోయినంక ఏడ్చిన."

ఇంకొంచెంసేపు చూసింది. లేచింది. తువ్వాల నా ఒళ్లో పడేసి, "గది పట్టుకో, నేను పిలిస్తే ఇయ్యి" అని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. తల్లి వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉంది. మొదట బకెట్ జరిపిన చప్పుడు. తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తరవాత నీళ్లు పడ్డాయి.

బకెట్ నిండి పొర్లుతోంది, నల్లా కట్టెయ్యమని చెప్పబోయి ఊరుకున్నాను.